రద్దుకు కారణం

విల్నియస్‌లో నవంబరు పొద్దు నాలుగింటికే గూకుతుంది.
నా షిఫ్టు అప్పుడే మొదలు.
ట్రాలీబస్సు దిగి, మెడలో బిళ్ల వేసుకుని
తొమ్మిదో అంతస్తుకెక్కితే గోడ నిండా సముద్రం,
దాని మీద తెల్లక్షరాలు: లోకమంతా మీదే.
కోట్లు తగిలించే కొక్కేలు ఆ గోడకే.
మా భుజాల మంచు కరిగి
రోజూ ఆ ఇసుక మీదికే కారుతుంది.

ఫోనుకి ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు.
దాటితే తెర మూల పెట్టె పసుపవుతుంది,
ఇంకా దాటితే ఎరుపు.
ఎర్రబడినవన్నీ శుక్రవారం ఔష్రా బల్ల మీద
కాగితాలై కూర్చుంటాయి.
ఔష్రా చెడ్డదేం కాదు.
ఆమె ఎరుపు ఇంకెవరి బల్ల మీదో.

నా పక్క కుర్చీ రిమ్విదాస్‌ది.
ఉతెనాలో జాగ్రఫీ మాస్టారు ఒకప్పుడు.
ఐదు భాషల్లో క్షమాపణ చెప్పగలడు, విమానం మాత్రం ఎక్కలేదు.
లిస్బన్‌లో ఏ గేటు పక్కన చార్జింగు పెట్టుకోవచ్చో,
ఏథెన్స్‌లో ఏ హోటలు లిఫ్టు మూడో అంతస్తులో మొరాయిస్తుందో
తిట్టిన వాళ్ల నోటివెంట విని నేర్చుకున్నాడు.
ఉద్యోగులకిచ్చే పది శాతం తగ్గింపు కూపన్లు
ఏడేళ్లవీ సొరుగులో దాచాడు.
గడువు తీరిపోయాయంటే
"ఉండనీ, కాగితం బాగుంది" అనేవాడు.

ఒక రాత్రి లూబెక్ నుంచి ఓ పెద్దాయన.
మదీరాలో ఎనిమిది రాత్రులు, ఇద్దరికని తీసుకున్న గది
ఒక్కరికి మార్చాలట.
కారణం అడక్క తప్పదు. పెట్టెలో ఉన్నవి ఐదే:
ప్రయాణం వాయిదా, చౌక గది దొరికింది,
తేదీ పొరపాటు, అనారోగ్యం, ఇతరం.
రిమ్విదాస్ "అయ్యో" అన్నాడు.
తర్వాత ఏమీ అనలేదు.
నా ఫోను నాకుండగా, వాడి మౌనమే వింటున్నాను.
ముక్కుతో చిన్న ఊపిరి. ఆపైన మెల్లగా:
"కిటికీ గది అలాగే ఉంచమంటారా?"
సముద్రం కనపడాలని ఆవిడే కోరి తీసుకుందట.
పద్దెనిమిది నిమిషాలు.
పెట్టె నిప్పుకణికలా ఉంది.
వాడు "తేదీ పొరపాటు" నొక్కాడు.
అది నొక్కితేనే డబ్బు కోత పడదు.

శుక్రవారం కాగితంలో
సానుభూతికి ఐదుకి ఐదు, పద్ధతికి సున్నా.
వాడు నవ్వి దాన్నీ సొరుగులో వేశాడు.

ప్రతి ఫోనులో మొట్టమొదట మేమే చెప్పేవాళ్లం:
శిక్షణ కోసం ఈ సంభాషణ రికార్డవుతుంది.
శిక్షణ ఎవరికో మేమూ అడగలేదు,
వినేవాళ్లూ అడగలేదు.

మార్చిలో పదకొండు మందిమి నలుగురం అయ్యాం.
వీడ్కోలుకి చెట్టుకొమ్మల్లాంటి కేకు తెప్పించారు.
కోసేందుకు చాకు తేవడం మరిచిపోయి
తలా ఒక కొమ్మ విరుచుకున్నాం.
రిమ్విదాస్ హెడ్‌ఫోను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంతకం చేసి,
కూపన్లన్నీ కోటు జేబులో కుక్కుకుని
సముద్రం పక్కనుంచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ముందు యంత్రం మాట్లాడుతుంది.
దానికి కొరుకుడుపడని ఏడుపులే నా దగ్గరికొస్తాయి.
వారానికో రాత్రి దాన్ని పరీక్షించడం కూడా నా పనే:
కార్డు మీద ఉన్నది చదవాలి, అది ఏమంటుందో రాయాలి.
ఆ రాత్రి కార్డు పదిహేడు:
నాతో రావలసిన మనిషి చనిపోయారు.
చదివాను, కూరగాయల ధరలు చదివినట్టు.

"అయ్యో" అంది యంత్రం.
తర్వాత ఏమీ అనలేదు.
నేను పెన్ను కింద పెట్టాను.
ఆ జాగా నాకు తెలుసు, దాని పొడవు తెలుసు,
దాని చివర ముక్కుతో తీసే ఊపిరీ తెలుసు.
"కిటికీ గది అలాగే ఉంచమంటారా?"

కిటికీ సంగతి కార్డులో ఎక్కడా లేదు.
లోపాల పట్టికలో రాయాలి:
అడగనవసరం లేనిది అడిగింది అని.
బయట మంచు అడ్డంగా పడుతోంది,
ఔష్రా ఇంటికెళ్లిపోయింది.

ఉంచు, అన్నాను.
పెట్టె పసుపయింది.
సముద్రం ఎటువైపో కూడా అడిగాను.